ఎవరు వ్రాసిరి? ఎవరు చదివిరి?

మన విశ్వవిద్యాలయముల ఆంగ్లశాఖలలో ఒక క్రొత్త ఉత్సాహము బయలుదేరినది. సదస్సులు జరుగుచున్నవి. శిక్షణ తరగతులు నడచుచున్నవి. కృత్రిమ మేధతో ఆంగ్లబోధన అను పేర ప్రశంసాపత్రములు పంచబడుచున్నవి. 2022 నవంబరు 30వ తేదీన చాట్ జీపీటీ అను యంత్రము లోకమునకు విడుదలయైనది. నాటినుండి కొలది యేండ్లలోనే పాఠప్రణాళిక వ్రాయుటకు యంత్రము, ప్రశ్నపత్రము కూర్చుటకు యంత్రము, విద్యార్థి వ్యాసమును దిద్దుటకు యంత్రము, తుదకు మార్కుల ప్రక్కన వ్రాయవలసిన రెండు మంచి మాటలకును యంత్రమే కావలసివచ్చినది. దీనికంతటికిని ఆధునికత అని పేరు పెట్టుకొన్నారు. మేము దీనిని వేరొక పేరున పిలువదలచినాము. ఆంగ్లోపాధ్యాయుడు తన కుర్చీని తానే ఖాళీచేయుచున్నాడు. ఎవరును అతనిని వెడలగొట్టలేదు. తానే లేచి, యంత్రమును కూర్చుండబెట్టి, దానికి వింజామర వీచుచున్నాడు.

మమ్ము యంత్రద్వేషు లనవలదు. అచ్చుయంత్రము లేనిదే పత్రిక లేదు. నిఘంటువు లేనిదే పరభాషాభ్యాసము లేదు. 1852లో వెలువడిన బ్రౌనుదొర తెలుగు-ఆంగ్ల నిఘంటువు ఎన్ని తరములవారికి చేతికఱ్ఱయైనదో చదువరు లెరుగుదురు. కాని నిఘంటువునకును ఈ యంత్రమునకును గల భేదమును గమనింపవలెను. నిఘంటువు పదము నిచ్చి, వాక్యమును మనకు విడుచును. ఆ వాక్యము కట్టుటలోనే విద్య కలదు. ఈ యంత్రము పదము నిచ్చును, వాక్యము నిచ్చును, పేరా నిచ్చును, కడకు అభిప్రాయమును గూడ తానే ఇచ్చి, సంతకమును మాత్రము మనకు విడుచును. సంతకము చేయుట నేర్పుటకు విశ్వవిద్యాలయము లేల? ఆ పని వయోజన విద్యాకేంద్రములు ఏనాడో చేసినవి.

ఈ వ్యాధి నేటిది కాదు. దీని మూలము మన విశ్వవిద్యాలయముల పుట్టుకలోనే కలదు. 1835లో మెకాలే తన నివేదిక వ్రాసెను. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములందు మూడు విశ్వవిద్యాలయములు వెలసినవి. లండను విశ్వవిద్యాలయపు నమూనాపై ఏర్పడిన ఆ సంస్థలు పాఠము చెప్పుటకు పుట్టినవి కావు. పరీక్షలు పెట్టుటకు, పట్టము లిచ్చుటకు పుట్టినవి. బోధనాధికారమును స్పష్టముగా కల్పించిన చట్టము 1904లో గాని రాలేదు. అనగా దాదాపు అర్ధశతాబ్దికాలము ఈ దేశమున విశ్వవిద్యాలయ మనిన పరీక్షాకార్యాలయమే. పరీక్షయే విద్యయైనచోట కంఠపాఠము పుట్టును. కంఠపాఠము పుట్టినచోట బజారునోట్సు పుట్టును. షేక్స్పియరు నాటకమును తెరవకయే ఆ నాటకముపై ఇరువది మార్కుల జవాబు వ్రాసి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనవారు తరతరములుగా మన నడుమ తిరుగుచునే యున్నారు. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన పెద్దలు చదువుతోపాటు చేతిపనిని నేర్పవలెనని పట్టుపట్టుటకు కారణ మిదియే. తాను చేయని పనికి పట్టము పొందుట విద్య కాదని వారి తలంపు.

బజారునోట్సునకు ఇప్పుడు వారసుడు కలిగినాడు. ఈ వారసుడు తండ్రిని మించినవాడు. బజారునోట్సు అందరికి ఒకే జవాబు నిచ్చెడిది, కావున దొంగతనము పట్టుబడెడిది. ఈ యంత్రము ఒక్కొక్కనికి ఒక్కొక్క జవాబును అల్లి యిచ్చును. బజారునోట్సును కనీసము చేతితో ఎత్తి వ్రాసికొనవలసి యుండెను. ఎత్తి వ్రాయునప్పుడైనను రెండు స్పెల్లింగులు తలకెక్కెడివి. ఇప్పుడు ఆ శ్రమయు లేదు.

నేడు అనేక తరగతులలో జరుగుచున్న తంతు నొక్కసారి వరుసగా చూడుడు. ఉపాధ్యాయుడు యంత్రము నడిగి వ్యాసవిషయము నిచ్చును. విద్యార్థి అదే యంత్రము నడిగి వ్యాసము తెచ్చును. ఉపాధ్యాయుడు ఆ వ్యాసమును మరల యంత్రమున వేసి మార్కులు రాబట్టును. విద్యార్థి ఆ విమర్శను మరల యంత్రమున వేసి సవరించిన ప్రతి తెచ్చును. యంత్రము ప్రశ్నించెను, యంత్రము బదులుచెప్పెను, యంత్రము మెచ్చుకొనెను. ఈ నడుమ ఇద్దరు మనుష్యులు తపాలాబంట్రోతులవలె కాగితములు అటునిటు మోసిరి. ఏనుగు మ్రింగిన వెలగపండువలె వ్యాసము చూచుటకు నిండుగా నున్నది. పగులగొట్టి చూచిన గుజ్జు లేదు. ఎవరు వ్రాసిరి? ఎవరు చదివిరి? ఈ రెండు ప్రశ్నలకు బదులు లేని తరగతిని తరగతి యనుట భాషకు అపచారము.

ఆంగ్లోపాధ్యాయుని పని యేమి? వ్యాకరణసూత్రములు పుస్తకమున కలవు. ఉచ్చారణ వినిపించు సాధనములు ఏనాడో వచ్చినవి. ఇవి యన్నియు ఉండగా ఇంకను ఉపాధ్యాయుడు కావలసివచ్చుట కొక్కటే కారణము. తెలుగు బిడ్డ వ్రాసిన తప్పు వాక్యమును చదివి, ఆ తప్పు ఎచటినుండి వచ్చినదో కనిపెట్టవలెను. 'నాకు ఆకలి వేయుచున్నది' అని మనమందుము. మన భాషలో ఆకలి కర్త. మనము 'నాకు' అని ప్రక్కన నిలుతుము. ఆంగ్లమున 'ఐ యామ్ హంగ్రీ' అని తానే కర్తయై వాక్యమునకు ముందు నిలువవలెను. కోపము వచ్చుట, నిద్ర పట్టుట, సందేహము కలుగుట, జ్ఞాపకముండుట, అన్నియు నిట్టివే. మన విభక్తి పదమునకు వెనుక నుండును, వారిది ముందుండును. మన క్రియ వాక్యాంతమున నుండును, వారిది నడుమ నుండును. 'వచ్చితిని' అను ఒక్క మాటకు ఆంగ్లమున సందర్భమునుబట్టి రెండు రూపము లున్నవి. 'ఏ', 'ది' అను చిన్న పదములకు మన భాషలో సాటియే లేదు. 'డిస్కస్ అబౌట్' అని వ్రాసిన విద్యార్థి మందబుద్ధి కాడు. 'గురించి చర్చించుట' అను తెలుగుమాట అతని వెనుక నిలిచి పలుకుచున్నది.

ఆ తెలుగుమాటను విన్న ఉపాధ్యాయుడు, 'నాయనా, మన భాషలో ఇట్లు, వారి భాషలో అట్లు' అని రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూపును. ఆ క్షణమున విద్యార్థికి ఆంగ్లము మాత్రమే కాదు, తన తెలుగును గూడ క్రొత్తగా కనబడును. రెండు భాషలకును గౌరవము దక్కును. ఈ పని చేయనేర్చినవాడే తెలుగుదేశమున ఆంగ్లోపాధ్యాయుడు. యంత్రమున కా వ్యాసము నిచ్చిన నేమగును? ఒక్క రెప్పపాటులో తప్పులన్నియు మాయమగును. తప్పుతోపాటు తప్పునకు గల కారణమును మాయమగును. తుడిచిపెట్టిన పలకవలె కాగితము శుభ్రమైనది. పిల్లవాడు మాత్రము ఎక్కడ నున్నవాడో అక్కడనే యున్నాడు.

ఇది మా యూహ మాత్రమే కాదు. టర్కీ దేశమున ఒక ఉన్నత పాఠశాలలో సుమారు వేయిమంది విద్యార్థులపై గణితమున జరిపిన ప్రయోగపు ఫలితములు 2025లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడినవి. అడిగిన జవాబును నేరుగా ఇచ్చు యంత్రము చేత నున్నప్పుడు అభ్యాసములలో విద్యార్థుల మార్కులు 48 శాతము పెరిగినవి. పిమ్మట యంత్రమును తీసివేసి పరీక్ష పెట్టిరి. అప్పుడు వారికి, అసలు ఆ యంత్రమునే ముట్టనివారికంటె 17 శాతము తక్కువ మార్కులు వచ్చినవి. జవాబు చెప్పక, ఉపాధ్యాయులు కూర్చిన సూచనలు మాత్రమే ఇచ్చునట్లు మలచిన యంత్రముతో ఈ నష్టము చాలవరకు తొలగినది. దీనినుండి నేర్వవలసినదేమి? ఉపాధ్యాయుని బుద్ధి ముందు నడచినచోట యంత్రము పనికివచ్చినది. ఉపాధ్యాయుడు తప్పుకొన్నచోట యంత్రము ఊతకఱ్ఱయై కాళ్లనే కుంటిజేసినది. గణితమున ఇంత జరిగినచో, ప్రతి వాక్యమును తానే కట్టి నేర్వవలసిన భాషాభ్యాసమున ఏమి జరుగునో చదువరులే ఆలోచింపవచ్చును.

ఈ నష్టము ఎవరిపై బడుచున్నది? ధనికుల బిడ్డకు ఇంట ఆంగ్లము వినబడును, పుస్తకములు కలవు, ప్రత్యేక బోధకుడు కలడు. వాడు యంత్రమును ఆటవస్తువుగా వాడినను వాని కాంగ్లము వచ్చును. ఆంధ్రప్రదేశమున 2021-22 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ కళాశాలలన్నింట ఆంగ్లమాధ్యమమే యుండవలెనని నిర్ణయము జరిగినది. అంతకు ముందటి యేడు 60 వేలకు పైగా విద్యార్థులు తెలుగుమాధ్యమమున డిగ్రీలో చేరియుండిరి. వారి తమ్ములు, చెల్లెండ్రు ఒక్క గీతతో పరభాషలోనికి నెట్టబడిరి. పదియేండ్లకు పైగా తెలుగున చదివి వచ్చిన రైతుబిడ్డ, కూలిబిడ్డ, చేనేతవాని బిడ్డ, ఆర్థికశాస్త్రమును, జంతుశాస్త్రమును ఆంగ్లమున వ్రాయవలసివచ్చెను. అట్టి బిడ్డకు ఆంగ్లపు తరగతియే తక్కిన తరగతులన్నింటికి ద్వారము. ఆ ద్వారమువద్ద నిలిచి చేయి పట్టుకొనవలసిన మనిషి, 'పొమ్ము, ఫోనులో అడిగి తెలిసికొనుము' అనినచో వాడెచటికి బోవును? వానికి పట్టము వచ్చును. ఉద్యోగపు ముఖాముఖిలో ఎదుటివారు నాలుగు వాక్యములు మాటాడుమనినప్పుడు గదా నిజము బయటపడును! అప్పుడు అవమానము వానిది. వానికి మార్కులు వేసిన యంత్రమునకు లేదు, వేయించినవారికి లేదు.

దీనికి తోడు గోరుచుట్టుపై రోకటిపోటువలె మరియొక అన్యాయము వచ్చిపడినది. వ్రాసినది మనిషియా, యంత్రమా అని కనిపెట్టు యంత్రములను కొన్ని విద్యాసంస్థలు తెప్పించుకొని, వాని మాటయే వేదవాక్యముగా విద్యార్థులను దొంగలనుచున్నవి. ఆ వేదవాక్యపు విలువ యెంత? 2023లో స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయపు పరిశోధకులు అట్టి 7 యంత్రములను పరీక్షించిరి. ఆంగ్లము మాతృభాష కాని వారు టోఫెల్ పరీక్షకు స్వయముగా వ్రాసిన 91 వ్యాసములను వానిముందు పెట్టిరి. సగటున 61 శాతము వ్యాసములను అవి యంత్రము వ్రాసినవని ముద్రవేసినవి. అమెరికా బాలురు వ్రాసిన వ్యాసములను మాత్రము దాదాపు పొరపాటు లేక మనుష్యులవే యని గుర్తించినవి. కారణము తెలియనిది కాదు. నేర్చుకొనుచున్నవాని పదసంపద చిన్నది, వాక్యములు సరళములు. ఆ సారళ్యమే వానిపై నేరమైనది. చాట్ జీపీటీని చేసిన ఓపెన్ ఏఐ సంస్థ తానే ఒక గుర్తింపుయంత్రమును 2023 జనవరిలో విడిచి, సరిగా గుర్తింపలేకున్నదని అదే యేడు జూలైలో ఉపసంహరించుకొన్నది. అమెరికాలోని వాండర్బిల్టు విశ్వవిద్యాలయము 2023 ఆగస్టులో టర్నిటిన్ సంస్థవారి గుర్తింపుయంత్రమును నిలిపివేసినది. నూటికి ఒక్కటి మాత్రమే తప్పుపోవునని ఆ సంస్థ చెప్పిన లెక్కనే నమ్మినను, తమకు ఏడాదిలో వచ్చిన 75,000 పత్రములలో సుమారు 750 మంది నిర్దోషులు దోషులగుదురని వారు లెక్కగట్టిరి. కన్నవారే వలదన్న బిడ్డను మన సంస్థలు దత్తు తీసికొనుట యేల? ఆంగ్లము పుట్టుభాషగా గలవారి దేశముననే ఇది తగదనినప్పుడు, తెలుగుబిడ్డపై దీనిని ప్రయోగించుట న్యాయమా?

ఉపాధ్యాయుడు చదువు అలవాటు గలవాడైనచో ఈ గుర్తింపుయంత్రమే అక్కరలేదు. జూలైలో ఒక పిల్ల వ్రాసిన మూడు పేరాలు చదివినవానికి, సెప్టెంబరులో ఆ పిల్ల తెచ్చిన వ్యాసము ఆమెదో కాదో తెలియదా? తల్లికి బిడ్డ కంఠము గుర్తుపట్టుటకు సాధనము కావలయునా? చదువుట మానినవానికే దొంగను పట్టు యంత్రము కావలసివచ్చినది.

ఇంకొక ముచ్చట. ఈ యంత్రము నేర్పు ఆంగ్లము ఎవరి యాంగ్లము? కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు భారతీయులను, అమెరికనులను కలిపి 118 మందిచేత వ్యాసములు వ్రాయించి ఆ ఫలితములను 2025లో ప్రకటించిరి. యంత్రపు సూచనలతో వ్రాసిన భారతీయుల వ్రాత అమెరికనుల వ్రాతను పోలుటకు మొదలిడినది. ఇష్టమైన భోజనమును గూర్చి వ్రాయబోవువారికి పిజ్జాయు, ఇష్టమైన పండుగను గూర్చి వ్రాయబోవువారికి క్రిస్టమసును అది అందించినది. ఏ పండుగయైనను మాకు గౌరవనీయమే. కాని సంక్రాంతిని గూర్చి వ్రాయగూర్చున్న పిల్లవాని చేతికి వాని పండుగ కానిదానిని అందించుట బోధన యగునా? గొబ్బెమ్మ, పొంగలి, గంగిరెద్దు అను మాటలను ఆంగ్లమున ఎట్లు చెప్పవలెనని తడబడి, వెదకి, ఒక దారి కనుగొనుటలోనే ఆ పిల్లవానికి భాష వశమగును. 1938లో వెలువడిన కాంతాపుర నవల పీఠికలో రాజారావుగారు తలపెట్టిన చర్చ ఇదియే. తనది కాని భాషలో తన ఆత్మను పలికించుట ఎట్లను ప్రశ్న అది. ముల్క్ రాజ్ ఆనందు, ఆర్. కె. నారాయణ్ మున్నగువారు అదే కాలమున తమతమ దారులను వెదకికొనిరి. భారతీయుల యాంగ్లమునకు ఒక నడక, ఒక యెరుక, ఒక గౌరవము అట్లు వచ్చినవి. ఆ రచయితల పుస్తకములను పాఠ్యములుగా పెట్టి, వానిపై వ్యాసములను మాత్రము ఊరుపేరు లేని భాషలో యంత్రముచే వ్రాయించు ఉపాధ్యాయుడు ఏమి బోధించినట్లు?

వాణిజ్యమును గూడ మరువరాదు. ప్రత్తి మనదై, బట్ట మాంచెస్టరుదై, లాభము వారిదై, చినిగిన పంచె మనదైన కాలమును ఈ దేశము చూచినది. నేడు ప్రత్తికి బదులు మన బిడ్డల వాక్యములు ఎగుమతియగుచున్నవి. సామాన్యులు ఉచితముగా వాడు ఇట్టి సేవలలో పెక్కింట, వాడువారు వలదని ప్రత్యేకముగా చెప్పుకొననిచో, వారి సంభాషణలను యంత్రమునకు మేతగా వేయవచ్చునని నిబంధనలలోనే వ్రాసియున్నది. ఉపాధ్యాయుడు నలువది వ్యాసములను విద్యార్థుల అనుమతి లేక ఆ యంత్రమున వేసినప్పుడు నలువదిమంది సొత్తును తన చేతులతో పరుల కొట్టమునకు తోలినాడు. ఇక తెలుగువాక్యమును ఈ యంత్రములలో పెక్కులు ఆంగ్లవాక్యముకంటె ఎన్నియో రెట్లు ఎక్కువ ముక్కలుగా చీల్చి చదువును. ముక్క కింత యని వెలకట్టు అంగడిలో అదే మాటకు తెలుగువాడు ఎక్కువ సుంకము చెల్లించుచున్నాడు. ఈ లెక్క తెలిసికొనకయే 'స్వీకరించితిమి' అని చంకలు గ్రుద్దుకొనుట పండితులకు తగునా?

ఎదుటివారి వాదములను గూడ వినుట న్యాయము. మొదటిది, పనిభారము. 'ఒక్కొక్క తరగతిలో వందకు దగ్గరగా విద్యార్థులున్నారు. అందరి వ్యాసములు చదువుట మానవసాధ్యమా?' అందురు. ఈ మాటలో సత్యము కలదు. కాని ఈ భారమెట్లు వచ్చినది? ఏండ్ల తరబడి పదవులు నింపక, కాంట్రాక్టు ఉపాధ్యాయులతోను, గంటకింత యని కూలియిచ్చు అతిథి బోధకులతోను శాఖలను ఈడ్చుకొనివచ్చుటచేత వచ్చినది. తరగతి పెద్దదైనది గాన యంత్రము కావలెను అనుచున్న ఉపాధ్యాయుడు, యంత్రమున్నది గాన పదవు లక్కరలేదని రేపు ప్రభుత్వ మనినప్పుడు ఏమని బదులు చెప్పును? తానే తన పదవికి వ్యతిరేకముగా సాక్ష్యము వ్రాసియిచ్చుచున్నాడు. ఈ సదస్సులలో చదువబడుచున్న పత్రములే రేపటి కోతలకు ఆధారములగును. మా మాట వ్రాసి పెట్టుకొనుడు.

రెండవది, బిడియము. 'పల్లెనుండి వచ్చిన పిల్ల తరగతిలో నోరు విప్పదు. యంత్రముతో నిర్భయముగా మాటాడును. అది విసుగుకొనదు, నవ్వదు' అందురు. ఇదియు నిజమే. ఆ పిల్ల రాత్రి పదిగంటలకు యంత్రముతో పది ఆంగ్లవాక్యములు పలికిన మేము సంతోషింతుము. కాని, ఆ పిల్ల తరగతిలో ఏల నోరు విప్పలేకున్నది? నవ్వెదరు గనుక. తప్పునకు నవ్వు తరగతిని కట్టినవారెవరు? ఆ నవ్వును మాన్పవలసిన ధర్మము ఉపాధ్యాయునిది. యంత్రముతో మాత్రమే మాటాడగలిగిన పిల్ల రేపు అధికారి యెదుట, న్యాయస్థానమున, సభలో ఎట్లు మాటాడును?

మూడవది, లోకము ముందునకు పోవుచున్నదను మాట. 'ఉద్యోగములలో ఈ యంత్రము తప్పదు. నేర్పనిచో మనవారు వెనుకబడుదురు' అందురు. నేర్పుడు, మేము వలదనుట లేదు. కాని యంత్రమునకు పని చెప్పుటకైనను స్పష్టముగా వ్రాయనేర్వవలెను. అది చెప్పినదానిలో తప్పును పట్టుటకు చదువనేర్వవలెను. ఈ యంత్రము లేని పుస్తకములను ఉన్నవని, పలుకని మాటలను పలికిరని ధైర్యముగా చెప్పునను సంగతి ఇప్పుడు లోకవిదితము. 2023లో న్యూయార్కునగరపు న్యాయస్థానమున ఇద్దరు న్యాయవాదులు యంత్రము కల్పించిన తీర్పులను నిజమని దాఖలుచేసి 5,000 డాలర్ల దండుగ చెల్లించిరి. వారికి ఆంగ్లము రాదా? వచ్చును. చదివి సరిచూచుట అను శ్రమను వదలుకొనిరి. చదివినవారికే ఈ గతి పట్టినప్పుడు, చదువకముందే యంత్రమును చేతికిచ్చిన పిల్లవాని గతి యేమి?

హైదరాబాదు నగరమునకు ఈ విషయమున ఒక ప్రత్యేక బాధ్యత కలదు. దేశమునందలి ఆంగ్లోపాధ్యాయులకు శిక్షణనిచ్చుటకై 1958లో కేంద్ర ఆంగ్లసంస్థ అచటనే స్థాపింపబడినది. నేడది ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయముగా వర్ధిల్లుచున్నది. అదే నగరమున 1968లో తెలుగు అకాడమి వెలసి, కళాశాలల విద్యార్థులకు తెలుగున పాఠ్యగ్రంథములను సమకూర్చినది. 2022లో కేంద్రప్రభుత్వము భాషిణి అను పేర దేశభాషలకు యంత్రసహాయము సమకూర్చు కార్యక్రమమును ప్రారంభించినది. ఈ వనరులన్నియు మన యింటనే యుండగా, తెలుగుబిడ్డలు ఆంగ్లము నేర్చునప్పుడు చేయు తప్పులు ఇవి, వాని కారణములు ఇవి, తెలుగున వాని వివరణ ఇది యని ఒక సాధనమును మన పండితులే ఏల నిర్మింపరాదు? పరులు చేసిన యంత్రమునకు ప్రశ్నలు వేయు విధమును నేర్పు సదస్సులకు బదులు, మనకు కావలసిన యంత్రము ఎట్లుండవలెనో నిర్ణయించు సదస్సు నొక్కదానిని జరుపుడు. దానికి మేము ముందు వరుసలో వచ్చి కూర్చుందుము.

మా కోరికలు స్పష్టములు. మొదటిది, భాషాభ్యాసమునకు సంబంధించిన ప్రతి వ్రాతకు తొలిప్రతి తరగతిలోనే, విద్యార్థి స్వహస్తముతో, యంత్రము లేక వ్రాయబడవలెను. కన్నుల లోపము గాని, చేతి లోపము గాని గలవారికి తగిన సహాయము దీనికి మినహాయింపు. రెండవది, ఆ తొలిప్రతిని ఉపాధ్యాయుడు తన కన్నులతో చదివిన పిమ్మటనే యంత్రపు దిద్దుబాటు రావలెను. ఆ దిద్దుబాటులో తాను దేనిని ఒప్పుకొనెనో, దేనిని ఒప్పుకొనలేదో, ఏలనో విద్యార్థి తెలుగుననైనను చెప్పగలుగవలెను. మూడవది, గుర్తింపుయంత్రపు మాటపై మాత్రమే ఏ విద్యార్థిని శిక్షింపరాదు. సందేహమున్నచో పిలిచి ఎదుట కూర్చుండబెట్టి పది నిమిషములు మాటాడవలెను. నాలుగవది, మార్కులు వేయుట మనుష్యుని పనిగానే యుండవలెను. ప్రశ్నపత్రమునకు గాని, విమర్శకు గాని యంత్రమును వాడిన ఉపాధ్యాయుడు ఆ సంగతిని విద్యార్థులకు చెప్పవలెను. విద్యార్థికి విధించిన నిజాయితీ గురువునకు ఏల వర్తింపరాదు? ఐదవది, విద్యార్థి వ్రాతను వాని అనుమతి లేక ఏ సంస్థ యంత్రమునను వేయరాదు. ఆరవది, ఖాళీ పదవులను నింపి, ఆంగ్లపు తరగతులను చదువదగినంత చిన్నవిగా చేయవలెను. ఈ ఆరవది లేనిచో మొదటి యైదును కాగితముపై వ్రాతలే యగునని మే మెరుగుదుము. కావుననే ప్రభుత్వములకు ముందు దీనిని విన్నవించుచున్నాము. అంతవరకు తక్కిన యైదింటికి ఎవరి యుత్తరువులును అక్కరలేదు.

ఆంగ్లోపాధ్యాయులారా! మీ మీద మాకు ద్వేషము లేదు. తక్కువ జీతమునకు ఎక్కువ తరగతులు చెప్పుచు, సంవత్సరమున కొకసారి పునర్నియామకపు కాగితమునకై కార్యాలయముల గుమ్మములవద్ద నిలుచున్న మీలో పెక్కుర కష్టము మాకు తెలియును. ఆ కష్టమును తీర్చుమని అడుగుటకు మీతో కలిసి వచ్చెదము. కాని ఆ కష్టమునకు మూల్యము చెల్లించుచున్నవాడు మీ యెదుట మూడవ బల్లపై కూర్చున్న పల్లెబిడ్డ యని మరువకుడు. వాని ఇంట ఆంగ్లము చదువగలవారు లేరు. వాడు వ్రాసిన వాక్యమును చదువు తొలి మనిషి మీరే. మీరు చదువనిచో ఇక చదువువారు లేరు.

విద్యార్థులారా! తప్పులతో నిండిన మీ పుట మీది. తప్పు లేని యంత్రపు పుట మీది కాదు. గురువు చదువకున్న యెడల, చదువుడని అడుగుడు. చదివించుకొనుట మీ హక్కు. దానికే మీరు రుసుము చెల్లించినారు, దానికే మీ తల్లిదండ్రులు అప్పు చేసినారు.

తరగతులు మరల తెరచుకొనును. మొదటి వారమున మొదటి వ్యాసము వ్రాయింపబడును. దానిని ఎవరు వ్రాయుదురో, ఎవరు చదువుదురో ప్రతి ఆంగ్లశాఖయు ఆ దినమునకు ముందే తీర్మానించి, ఆ తీర్మానమును తలుపుపై అంటింపవలెను.